చుట్టు తిరిగి వచ్చినవాడికే రొట్టె

మా వదినె నాకు రొట్టె పెట్టకుండానే పోయింది.

ఈస్టర్ ముందటి శ్రమదినాలు మొదలైన మరుసటి వారం, పొద్దున్నే, సంగారెడ్డి ఆసుపత్రి నుంచి మా అన్న కొడుకు ఫోన్ చేశాడు. "చిన్నాయినా, అమ్మ పోయింది" అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మరి నా రొట్టె?" అవతల వాడు ముసలాడికి మతి తప్పిందనుకొని ఉంటాడు. మతి తప్పలేదు. ఏళ్ల తరబడి ఆమె మీద నాకున్న కోపం అది. మనిషి పోయింది కదా అని కోపాన్ని కూడా ఆమెతోపాటు మట్టిలో కప్పేసే రకం కాదు నేను. ముందు ఆ కోపం సంగతి చెప్తాను. ఆమె సంగతి దానంతట అదే వస్తుంది.

నాకు చదువు అంతంత మాత్రం. లారీ నడిపి బతికినవాణ్ణి. అక్షరాలు మైలురాళ్ల మీద కూడబలుక్కున్నాను, మాటలు ముందు పోయే లారీల వెనక రాతల్లో నేర్చుకున్నాను. మా చర్చి సంఘం పత్రికలో వేస్తాం, వదినె గురించి రాయమని పాస్టరు అయ్యగారు అడిగారు. "మీరు చెప్తుంటే వేరేవాళ్లతో రాయిస్తాను" అని కూడా అన్నారు. మా వదినె గురించి ఇంకొకడి చేత్తోనా? నేనే రాస్తున్నాను. అక్షరం వంకరపోతే పోనీ, మాట వంకరపోదు.

మా వదినె అంటే మా పెద్దన్న భార్య. అన్న జబ్బుచేసి పోయాక, రుద్రారం దాటిన తర్వాత రోడ్డు పక్కన నాలుగు గుంజలు పాతి, పైన రేకులు వేసుకుని, జొన్నరొట్టెల పొయ్యి పెట్టుకుంది. బొంబాయి రోడ్డు మీద పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వైపు పోయేవాళ్లకు ఎడమచేతి పక్కన. ఆ షెడ్డు దాటితే మా సమాధుల తోట. అది దాటితే మందుల కంపెనీ గేటు. గేటు పక్క నుంచే మా బస్తీకి దారి. అంతా ఒకే వరసలో, ఒకే పక్కన, కంటికి కనబడేంత దూరంలో ఉంటాయి.

ఆ కనబడటంలోనే ఉంది గోలంతా. కంపెనీ గేటు దగ్గర నిలబడితే వదినె పొయ్యి పొగ కనబడుతుంది. గాలి ఇటు తిరిగితే కాలే రొట్టె వాసన కూడా వస్తుంది. కానీ బైకు మీద పద్ధతిగా రావాలంటే సంగారెడ్డి వైపు పోయి, అక్కడ యూటర్న్ తిరిగి, రోడ్డు అవతలి పక్క నుంచి పటాన్‌చెరు వైపు వచ్చి, మళ్లీ ఇంకో యూటర్న్ తిరిగి రావాలి. అంత చుట్టు ఎవడు తిరుగుతాడు? షిఫ్టు విడిచిన ప్రతివాడూ హ్యాండిల్ ఇటు తిప్పి, వచ్చే లారీలకు ఎదురుగా, రోడ్డు అంచున దూసుకొచ్చేవాడు. ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో ఫోను. హెల్మెట్ మోచేతికి గాజులాగా వేలాడుతూ ఉండేది. అడిగితే అందరిదీ ఒకటే మాట: "గీడికే కదా."

నేను బొంబాయి దాకా, సోలాపూర్ దాకా లారీ తోలినవాణ్ణి. ఘాట్లు దిగినవాణ్ణి. నాకు తెలిసి, దూరం పోయేవాడు దారిలో చాలాసార్లు భయపడతాడు, అందుకే ఇల్లు చేరతాడు. ఈ "గీడికే" అనేవాడికే భయం ఉండదు.

ఒక మధ్యాహ్నం ఆ కంపెనీలో పనిచేసే ఫిట్టర్ ఒకతను అలాగే ఎదురొచ్చాడు. రోజూ వచ్చేవాడే. నవ్విస్తూ ఉండేవాడు, వదినెను "అత్తా" అని పిలిచేవాడు. సక్కగా తన దారిన వస్తున్న ట్యాంకర్ కింద పడ్డాడు. ట్యాంకర్ డ్రైవర్ తప్పేమీ లేదు, నేను చెప్తున్నాను. వదినె పొయ్యి ముందు జరిగింది. ఆమె చేతిలో అప్పుడే పెంక మీద నుంచి తీసిన రొట్టె ఉందట.

వారం రోజులు పొయ్యి రాజుకోలేదు. మళ్లీ రాజేసిన రోజున ఆమె పీట తిప్పి వేసుకుంది. అంతకుముందు రోడ్డు వైపు చూస్తూ కూర్చునేది. ఇప్పుడు ముఖం సంగారెడ్డి వైపు. అటు నుంచి ఈ రోడ్డు మీద ఏ బండీ రాకూడదు. వస్తే ఎదురొచ్చినట్టే. రాకూడని దిక్కుకు ముఖం పెట్టి, రావలసిన దిక్కుకు వీపు పెట్టి కూర్చుంది. వీపు వెనక నుంచి వచ్చినవాడికి రొట్టె. ముఖానికి ఎదురుగా బండి మీద వచ్చినవాడికి లేదు. బండి గేటు దగ్గరే పెట్టి నడిచి వచ్చినవాడికి రొట్టె, పైన ఇంకో గరిటెడు పుంటికూర.

ఇది ఆమె చట్టం. బోర్డు లేదు, రాత లేదు. ఎదురొచ్చినవాడితో వాదన కూడా పెట్టుకునేది కాదు. పిండి అంటిన చూపుడువేలు పైకెత్తి, గాలిలో ఒక సున్నా చుట్టేది. చుట్టు తిరిగి రా అని. అంతే. మళ్లీ రొట్టె తట్టుకునేది.

ఇప్పుడు నా కోపం.

అప్పటికి నేను దూరం లారీలు మానేసి, అదే కంపెనీలో డీసీఎం వ్యాను నడుపుతున్నాను. పొద్దుటి నుంచి తిండి లేదు. లోడు దించి, గేటు బయటికొచ్చి, వ్యాను అటే తిప్పి, ఎదురు రోడ్డున మా వదినె ముందు బ్రేకు వేశాను. షిఫ్టు విడిచిన టైము. షెడ్డు నిండా మనుషులు. నేను దర్జాగా దిగి, "వదినే, రెండు రొట్టెలు, కారం ఎక్కువెయ్" అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. వ్యాను చూసింది. వేలెత్తింది. సున్నా చుట్టింది.

"ఏంది, నాక్కూడనా?" అన్నాను.

"నువ్వేమన్న ఆకాశంల నుంచి ఊడిపడ్డవా?"

"నేను డ్రైవర్‌ని వదినే! ముప్పై చక్రాల బండ్లు తోలిన చెయ్యి ఇది. ఒక్క కుక్కనన్న గుద్దిన్నా ఎన్నడన్న?"

"నువ్వు గుద్దవ్ మరిదీ. నిన్ను చూసి వెనక వచ్చేటోడు గుద్దుతడు. గా వ్యాను ఆడ పెట్టి నడిచి రాపో."

"డ్రైవర్‌ని నేను నడవాల్నా?"

"కాళ్లు ఉన్నయి కదా. అవి ఎవరికన్న కిరాయికిచ్చినవా?"

షెడ్డంతా నవ్వారు. కంపెనీలో పనికొచ్చిన ఒడిశా పిల్లలకు తెలుగు రాకపోయినా వాళ్లూ నవ్వారు. నేను డోరు గట్టిగా వేసి, వ్యాను తిప్పుకుని వెళ్లిపోయాను. ఆ రోజు మాపటి దాకా తినలేదు. ఆకలి లేక కాదు, అవమానంతో.

మా దాంట్లో ఒక పద్ధతి ఉంది. అన్న భార్య అంటే అమ్మ తర్వాత అమ్మ. అలిగి వెళ్లిన మరిదిని ఆమే పిలవాలి. "రా, కోపం పోనీ, తినిపో" అనాలి. అలా పిలిస్తే మరిది కాసేపు బిగుసుకుని, తర్వాత కాళ్లు కడుక్కుని కూర్చుంటాడు. ఎవరి మర్యాద వారికి దక్కుతుంది. నేను ఆ పిలుపు కోసం చూశాను. రేపు పిలుస్తుంది, ఆదివారం గుడి దగ్గర పిలుస్తుంది, పండక్కి పిలుస్తుంది అనుకున్నాను. పిలవలేదు. పిలవని పేరంటానికి పోయే రకం కాదు నేను.

పని మానేశాక పొద్దున చాయ్‌కి నా టీవీఎస్ బండి మీద రోడ్డు అవతలి హోటల్‌కు పోయేవాణ్ణి. వదినె పొయ్యికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పోవాలంటే సంగారెడ్డి వైపు యూటర్న్ తిరగాలి. ఇంటికి రావాలంటే పటాన్‌చెరు వైపు తిరిగి, ఆమె వీపు వెనక నుంచి, ఆమె షెడ్డు ముందు నుంచే రావాలి. అంటే నేను రోజూ ఆమె చట్టం ప్రకారమే, పూర్తి చుట్టు తిరిగి, రొట్టెకు అర్హత సంపాదించుకుని వచ్చేవాణ్ణి. ఆగేవాణ్ణి కాదు. తల తిప్పకుండా పోయేవాణ్ణి.

వెనక నుంచి గొంతు వచ్చేది: "ఓ డ్రైవర్ సాబ్, ఆగితే బ్రేకులు అరుగుతయా?"

ఇంకో రోజు: "మా మరిది మెడకు ప్లాస్టర్ వేసిన్రంట, అటు తిరుగుతలేదు!"

ఇన్ని మాటలు అనేది కానీ, "రా" అనే ఒక్క మాట అనేది కాదు. నాకు ఒళ్లు మండేది. ఎత్తిపొడవడానికి ఉన్న నోరు పిలవడానికి లేదా?

అవతల కూర్చుని చాయ్ తాగుతూ ఆమెను చూడటం నాకు అలవాటైంది. కోపంతో చూశాను మొదట్లో. తర్వాత ఎందుకు చూశానో చెప్పలేను. ఘాట్ రోడ్డు మీద పెద్ద వాన పడుతుంటే, లారీ పక్కకు ఆపుకుని, అద్దంలోంచి అలా చూస్తూ ఉండిపోయేవాణ్ణి. అలాంటి చూపు.

కాలేజీ పిల్లలు ముగ్గురు ఒకే బైకు మీద ఎదురొచ్చారు ఒకనాడు. నడిపేవాడి హెల్మెట్‌లో ఫోను ఇరికించి ఉంది, మాట్లాడుతూనే ఉన్నాడు. వదినె వేలు చుట్టింది. వాళ్లు పోయి చుట్టు తిరిగి వచ్చారు. వచ్చాక వదినె మళ్లీ వేలెత్తింది. ఈసారి మూడోవాణ్ణి చూపించింది. తర్వాత చాయ్ హోటల్‌లో ఆ మూడోవాడే చెప్పి నవ్వాడు.

"అవ్వా, ఇప్పుడు సక్కనే వచ్చినం కదా?"

"వచ్చిన్రు. మూడోడు ఎట్ల వచ్చిండు? ట్యాంకు మీద కూసున్నడా, టెయిల్ లైటు మీదనా?"

"అవ్వా, జెర పక్కకైతే సెల్ఫీ దిగుతం."

"మొదలు బండి దిగు. సెల్ఫీ తర్వాత దిగుదువు."

మూడోవాడు నడిచి తిరిగి పోవాల్సి వచ్చింది. తిన్న తర్వాతే, అది వేరే మాట. ఆకలి మీద పంపలేదు, ఎందుకంటే చుట్టు తిరిగి వచ్చారు కదా. ఆమె లెక్క ఆమెది.

హైదరాబాద్ నుంచి వచ్చే కార్లవాళ్లు ఇంకో రకం. ఒకాయన పెద్ద తెల్లకారు. యూటర్న్ దాకా పోవడం ఇష్టం లేక కంపెనీ గేటు దగ్గర రివర్స్ తీసి, పగలే లైట్లు కొట్టుకుంటూ, హారన్ మీద చెయ్యి తీయకుండా ఎదురొచ్చాడు. తన దారిన వచ్చేవాళ్లే ఆయనకు అడ్డమన్నట్టు. అద్దం దించి, "అమ్మా, నాలుగు పార్సిల్. జల్దీ, టైం లేదు" అన్నాడట. ఆమె వేలు చుట్టింది. ఆయనకు అర్థం కాలేదు. పక్కనున్నవాళ్లు చెప్పారు. "రెండు నిమిషాల పనికి అంత చుట్టా?" అని అరిచాడు.

వదినె అన్న మాట ఆ రోజు షెడ్డులో తిన్నవాళ్లంతా చెప్తారు: "రెండు నిమిషాలు మిగుల్చుకొని ఏం జేస్తవ్ బిడ్డా? విత్తనమా, దాస్తవా? రొట్టె ఆగుతది. సల్లారితే మళ్ల కాలుస్త."

ఆయన విసురుగా పోయాడు. నేను అవతల నుంచి చూస్తున్నాను. పోయినవాడు పోయినట్టే అనుకున్నాను. నా చాయ్ అయ్యేలోపు ఆ తెల్లకారు రోడ్డు ఇవతలి పక్క నుంచి, నా ముందు నుంచి పటాన్‌చెరు వైపు పోయింది. కాసేపటికి వదినె వీపు వెనక వచ్చి ఆగింది. ఆయన దిగి, చెప్పులు విడవబోయి, మళ్లీ తొడుక్కుని, బెంచీ మీద కూర్చున్నాడు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. పోలీసులు ఆపితే ఈ కార్లవాళ్లు ఎవరికో ఫోన్ చేస్తారు. రోడ్డు మీద ఇన్నేళ్లు తిరిగాను, ఒక వేలికి కారు తిరిగి రావడం ఎన్నడూ చూడలేదు.

మా అయ్యగారి సంగతి రాయవద్దని ఆయన అనలేదు కాబట్టి రాస్తాను. ఎవరింట్లోనో ప్రార్థన చేసి, స్కూటర్ మీద ఎదురొచ్చారు.

"అయ్యగారూ, ఇరుకు దారిల పోవాలని పోయిన ఆదివారం మీరే చెప్పిన్రు. చుట్టు దారి పోవద్దని చెప్పినట్టు గుర్తు లేదు" అంది వదినె.

దేవుని సేవకుడికి కూడా రొట్టె దొరకలేదు ఆ రోజు. ఆయన మంచివాడు. మరుసటి ఆదివారం ప్రసంగంలో తన మీద తానే చెప్పుకున్నాడు. సంఘమంతా నవ్వింది. వదినె ఆడవాళ్ల వరసలో తల మీది కొంగు సర్దుకుని, ఏమీ ఎరగనట్టు పాటల పుస్తకం తిప్పుతూ కూర్చుంది.

మొదట్లో వ్యాపారం దెబ్బతిన్నది. కొడుకు కొట్లాడాడు, "గిట్లయితే ఎవడొస్తడే?" అని. కానీ ఒడిశా, బీహార్ పిల్లలు ముందుగా దారికి వచ్చారు. "అమ్మా, భూక్ లగీ హై" అని ఎదురొచ్చినవాడితో ఆమె తన హిందీలో, "భూక్ లగీ తో గూమ్‌కే ఆవ్ బేటా" అనేది, ఆకలైతే చుట్టు తిరిగి రా అని. వాళ్లు బైకులు గేటు దగ్గరే పెట్టి నడిచి రావడం మొదలుపెట్టారు. రోడ్డు దిగి, మట్టి మీద, ఒకడి వెనక ఒకడు, హెల్మెట్లు చేతిలో పట్టుకుని. వాళ్లను చూసి మనవాళ్లు. షిఫ్టు విడిచిన టైములో ఆ వరస చూడాలి మీరు. మా గుడిలో ప్రభురాత్రి భోజనపు రొట్టెకు వరసగా లేచి పోయినట్టే ఉండేది. నేను అవతల నుంచి చూస్తూ ఉండేవాణ్ణి. నోటితో మెచ్చుకోలేదు. చాయ్ ఇంకోటి చెప్పేవాణ్ణి.

క్రిస్మస్‌కు ఆమె ఇంట్లో తినేవాణ్ణి, అది వేరు. ఇంటి రొట్టె ఇంటిదే, పొయ్యి రొట్టె పొయ్యిదే. అక్కడ కూడా ఒక సంగతి గమనించాను, అర్థం చేసుకోలేదు. కంచంలో వడ్డించి, పీట ముందు పెట్టి, తాను పక్కన నిలబడేది. నోరు తెరిచి "రాండ్రి" అనేది కాదు. కోడలే అందరినీ పిలిచేది. "నీ అత్తకు పిలుపు బరువా?" అని ఒకసారి కోడల్ని అడిగాను. ఆ పిల్ల నవ్వి, గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

ఈ సంవత్సరం మొదట్లో వదినె గుండె బలహీనమైంది. సంగారెడ్డి ఆసుపత్రిలో వేశారు. చూడ్డానికి వెళ్లాను. మనిషి చిక్కిపోయింది కానీ నోరు అలాగే ఉంది.

"ఎట్ల వచ్చినవ్ మరిదీ?"

"బస్సుల."

"బస్సు సక్క దారినే వచ్చిందా?"

"నీకు భయపడి వచ్చింది తియ్."

నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. నీళ్లు తాగించాను. అప్పుడు ఇక ఆగలేకపోయాను. ఏళ్ల తరబడి అడగనిది అడిగేశాను.

"వదినే, గా దినం నన్ను మర్లగొట్టినవ్. సరే. నీ రూలు నీది. తర్వాత ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, రా మరిదీ, తినిపో అని పిలిస్తే నీ నోటి ముత్యాలు రాలుతుండెనా?"

ఆమె ఫ్యాను వైపు చూసింది.

"ఒకసారి పిలిచిన మరిదీ" అంది. "వచ్చిండు."

నాకు వెంటనే తెలియలేదు. ఎవరొచ్చారని అడగబోయాను. అప్పుడు తెలిసింది. ట్యాంకర్ కింద పడ్డ ఆ ఫిట్టర్. గేటు దగ్గర నిలబడి తిందామా వద్దా అని చూస్తున్న పిల్లగాణ్ణి ఆమె చెయ్యెత్తి పిలిచిందట. "జల్దీ రా బిడ్డా, ఆఖరి రొట్టె" అని. అత్త పిలిచింది కదా అని వాడు బండి ఎదురు రోడ్డుకు తిప్పి ఉరికించాడు.

"అటెనుక ఎవ్వరిని పిలువలే" అంది వదినె. "కన్నకొడుకును సుత. కంచం పెడ్త, నిలబడ్త. వస్తే తింటడు. నువ్వు పిలుపు కోసం చూస్తున్నవని నాకు ఎరికే. రోజూ నా ముంగట నుంచే పోతవ్. ఈయన ఈ పొద్దన్న ఆగుతడా అని నేను సుత చూసిన."

ఆమె దుప్పటి సర్దాను. పెద్ద పెద్ద ఘాట్లు చూశాను, రాత్రంతా దిగినా అడుగు కనబడని లోయలు చూశాను. నా వదినె అంత లోతు మనిషి అని, రోడ్డుకు అవతలి పక్కనే కూర్చుని అన్నేళ్లు చూసినా తెలుసుకోలేకపోయాను.

లేచేటప్పుడు, "మంచిగైనంక పొయ్యి దగ్గరికి వస్త" అన్నాను. ఆమె చూపుడువేలు దుప్పటి మీద నుంచి కొంచెం లేచింది. సున్నా సగమే చుట్టగలిగింది.

తర్వాత ఫోన్ వచ్చింది. ఆ సంగతి మొదట్లోనే చెప్పాను.

గుడిలో ఆరాధన అయ్యాక వదినె ఉన్న పెట్టెను వ్యానులో ఎక్కించారు. ఎండ బాగా ఉంది. నేను డ్రైవర్ పక్కన కూర్చున్నాను. బస్తీ దారి నుంచి వ్యాను రోడ్డెక్కింది, కంపెనీ గేటు పక్కన. కుడిచేతి వైపు కళ్ల ముందే సమాధుల తోట గోడ కనబడుతోంది. డ్రైవర్ కొత్త పిల్లగాడు, బయటి ఊరివాడు. "గీడికే కదా తాతా" అని స్టీరింగ్ ఎదురు రోడ్డుకు తిప్పాడు. నేను వద్దనేలోపే వ్యాను ఆగిపోయింది.

షిఫ్టు విడిచిన టైము. కంపెనీ గేటు ముందు మనుషులు. వ్యాను ముందుకు ఒక ఒడిశా పిల్లవాడు వచ్చి నిలబడ్డాడు. "అమ్మా రాంగ్ సైడ్ నహీ జాయేగీ" అన్నాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆ పిల్లవాడు కదలలేదు. చెయ్యి పైకెత్తి, చూపుడువేలితో గాలిలో సున్నా చుట్టాడు. అతని పక్కవాడు చుట్టాడు. వాడి పక్కవాడు. గేటు పొడవునా నూనె మరకల చేతులు, మందుపొడి అంటిన చేతులు, గ్లౌజులు వేసుకున్న చేతులు లేచాయి. అన్ని వేళ్లూ ఒకటే సున్నా చుట్టాయి. ఎవరూ అరవలేదు.

డ్రైవర్ నా వైపు చూశాడు. "ఏంది తాతా ఇది?"

"తిప్పు బిడ్డా" అన్నాను. "చుట్టు తిరిగి పోదాం."

సంగారెడ్డి వైపు పోయాం. యూటర్న్ తిరిగాం. నేను చాయ్ తాగే హోటల్ ముందు నుంచి పోయాం. హోటలాయన లేచి నిలబడ్డాడు. వెనక బైకులు వరసగా వచ్చాయి, ఒక్కటీ ముందుదాన్ని దాటలేదు. పటాన్‌చెరు వైపు తిరిగి, మా వదినె తన పొయ్యి దగ్గరకు వీపు వెనక నుంచి వచ్చింది. ఆమె చట్టం ప్రకారం రొట్టెకు అర్హురాలే. పొయ్యి చల్లగా ఉంది. పీట మాత్రం ఆమె వేసినట్టే ఉంది, సంగారెడ్డి వైపు ముఖం పెట్టి. వ్యానును అక్కడ కాసేపు ఆపించి, తర్వాత తోటకు తీసుకుపోయాం.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ మా అన్న కొడుకు మొన్న ఒక డబ్బా కొనుక్కొచ్చాడు. పండ్లు అమ్మేవాళ్లు బండికి కట్టుకుంటారే, ఒకసారి మాట పట్టిస్తే రోజంతా అరుస్తూనే ఉంటుంది, ఆ మైకు. అందులో వాడి గొంతే పట్టించాడు: "రాండ్రి రాండ్రి, వేడివేడి జొన్నరొట్టె, జల్దీ రాండ్రి!" నాకు వినిపించాడు. కంపెనీ గేటు ఎదురుగా కొత్తగా టిఫిన్ బండి ఒకటి పెట్టారట, గిరాకీ అటు పోతుందట.

"అమ్మ రూలు అమ్మతోని పోయింది చిన్నాయినా. ఎట్ల వచ్చిన పెడ్త. పిలుస్త కూడ. పిలవకుంటే ఎవడొస్తడు?"

కోడలు పొయ్యి అలుకుతూ మా మాటలు వింటోంది. ఆ పీటను మాత్రం తిప్పలేదు. చుట్టూ అలికి, దాన్ని అలాగే వదిలేసింది.

వాడి మీద నాకు కోపం లేదు. ఇల్లు నడవాలి. పిలిస్తే ఒకడు వచ్చాడన్న సంగతి వాడికి తెలియదు. ఇప్పుడు ఇది చదివి తెలుసుకుంటాడు. నాకు చెప్పింది వాడికి ఎందుకు చెప్పలేదో వాడే ఆలోచించుకోవాలి.

అందుకే ఒరేయ్ కొడకా, అందరి ముందూ నిన్నే అడుగుతున్నాను. ఆమె పొయ్యి దగ్గర తిన్న మిమ్మల్ని కూడా అడుగుతున్నాను, ఎదురొచ్చి తిరిగిపోయిన మిమ్మల్ని, నడిచి వచ్చిన మిమ్మల్ని, తెల్లకారు సారూ, మిమ్మల్ని కూడా. ఆ డబ్బా పిలుస్తుందా, ఆ వేలు చుట్టుతుందా? పిలవకపోతే వస్తారా, రారా? ఈస్టర్ ముందు వచ్చే మట్టలాదివారం లోపల నాకు జవాబు కావాలి. గుడి దగ్గర చెప్పినా సరే, చాయ్ హోటల్‌లో చెప్పినా సరే.

నా సంగతి చెప్తున్నాను. మట్టలాదివారం తెల్లారి, సోమవారం పొద్దున, నా టీవీఎస్ బండి బయటికి తీస్తాను. సంగారెడ్డి వైపు తిరిగి, పటాన్‌చెరు వైపు తిరిగి, వీపు వెనక నుంచి వచ్చి, ఆ షెడ్డు ముందు ఈసారి బ్రేకు వేస్తాను. ఎవరూ పిలవనక్కరలేదు. ఆ పీట మీద ఎవరు కూర్చుని ఉంటారు, ముఖం ఎటు పెట్టి ఉంటారు? మట్టలాదివారం లోపల చెప్పండి.